బదులు పలకని రేవు

ఏటా ఉగాదికి వారం పది రోజుల ముందు విజయనగరంలో మా ఇంటికి ఒక చింతపండు మూట వస్తుంది. అడ్డాకుల్లో పొదిగి, నారతాడుతో నిలువునా అడ్డంగా బిగించి, పైన పాత చీర గుడ్డ వేసి కుట్టిన మూట. వంశధారకి అవతలి గట్టున, ఒడిశా వైపు కాపురమున్న మా మేనత్త పారమ్మ తన పెరటి చెట్టు కాయలు తనే వలిచి, తనే గింజ తీసి, తనే కుట్టి పంపేది. ఈ ఏడూ చింతపండు వచ్చింది గానీ అడ్డాకులు లేవు, చీర గుడ్డ లేదు. అత్త కొడుకు ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి బస్సులో పంపాడు. అత్త పోయి మూడు నెలలైంది. సంచి విప్పగానే కొత్త చింతపండు వాసన, పులుపూ తీపీ ఎండా కలిసిన వాసన గుప్పున కొట్టేసరికి నేను వంటింటి గచ్చు మీద అలాగే కూర్చుండిపోయాను. నాకది మా ఊరి వాసన.

మా ఊరు నావలపేట. ఇప్పుడా పేరు చెబితే కొత్తూరు వెళ్ళే బస్సులో కండక్టరు కూడా ఒకసారి మొహంలోకి చూసి, అదెక్కడ అని అడుగుతాడు. నా చిన్నతనంలో ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగి ఎవరైనా మూటాముల్లెతో అటూ ఇటూ చూస్తుంటే, నావలపేటకేటి అని బండివాళ్ళే ముందు అడిగేవారు. వంశధార మా దగ్గర రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు. ఈ గట్టు మనది, ఆ గట్టు వాళ్ళది అని కాగితాల్లో ఉండేదేమో గానీ పిల్లలకి తెలిసిన తేడా చాలా తక్కువ. ఆ గట్టు వాళ్ళ తెలుగులో మాటకో ఒడియా ముక్క దొర్లేది, చద్దన్నాన్ని పఖాళ అనేవారు, పెళ్ళిళ్ళకి కాకరా పిఠాలని తీపి అప్పాలు చేసి బుట్టల్లో పంపేవారు. పిల్లనివ్వడానికీ తెచ్చుకోవడానికీ మధ్యలో ఏరుందే అని ఎవరూ వెనకాడలేదు.

ఆ ఏరే మా ఊరికి అన్నం పెట్టింది. శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి అవతలి కొండల మీంచి సవరలు కావిళ్ళతో దిగేవారు. చింతపండు, పసుపు కొమ్ములు, అల్లం, శీకాయ, కొండచీపుళ్ళు, కట్టలు కట్టలుగా అడ్డాకులు, అన్నీ ఆ గట్టున ఇసకలో పోగుపడేవి. మనుషుల్ని నావ, బళ్ళని బల్లకట్టు ఇటు చేర్చేవి. ఇటు చేరిన సరుకు మా ఊళ్ళోనే దిగాలి, ఆరాలి, శుభ్రపడాలి, మూట కట్టుకోవాలి, అప్పుడు గానీ స్టేషను దారి పట్టదు. అందుకని నాలుగు వీధుల ఊళ్ళో ఏ సందులోకి తిరిగినా గోదామే. వైశాఖమంతా అరుగుల మీద చింతపండు వలిచే ఆడవాళ్ళ కబుర్లు, గింజ కొట్టే చప్పుళ్ళు, పసుపు ఉడికే కళాయిల ఆవిరి, గోనెసంచుల మట్టి వాసన, బల్లకట్టుకి పూసే తారు వాసన, అవన్నీ కలిసి ఎన్ని చెంబులు పోసుకున్నా వదలకుండా ఒంటికి పట్టుకునేవి. చుట్టాలింటికి వెళితే గుమ్మంలోనే ముక్కెగబీల్చి నావలపేట పిల్లలొచ్చారనేవారు. చింతపిక్కలకి కరువు లేదు కనక ఆడపిల్లలం చేటెడు పోసుకుని, వేళ్ళ కొసలు నల్లబడేదాకా ఆడేవాళ్ళం. బుధవారం సంతనాడు బడి నుంచి వస్తుంటే పొగలు కక్కే జీళ్ళ పాకాన్ని గుంజకి వేసి లాగుతూ ఉండేవారు. పక్కనే కుండల్లో ఉడికే కందికాయలు, బెల్లంలో ముంచిన మరమరాల ఉండలు. సరుకు బాగా దిగిన ఏడు అమ్మవారి సంబరానికి తప్పెటగుళ్ళ జట్లు రెండేసి వచ్చి తెల్లార్లూ గంతులేసేవి, పొద్దున్నే ఇంటింటా పొంగడాలు పొంగేవి.

మా తాత కూర్మినాయుడి గోదాము ఏటి ఒడ్డునే ఉండేది, మా పెరటి గోడ దాటితే రేవే. తాత చింతపండు ముద్దని అరచేతిలో వేసుకుని ఒత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఏ కొండ మీది చెట్టుదో చెప్పేవాడు. ఊళ్ళో ఏ తగువైనా మా అరుగు మీదికే వచ్చేది, ఆయన మాటే ఊరి మాట. నానమ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, రెండు చేతులా కాయలు వలుస్తూ, ఆ నోటితోనే మాకు తిట్లూ కథలూ సమానంగా వడ్డించేది. ఆ చుట్ట నోట్లోంచి తీసేది అన్నం తినడానికీ, కూతకి బదులు పలకడానికీ మాత్రమే.

ఆ కూత సంగతి కొంచెం చెప్పాలి. మనుషుల్లేనప్పుడు నావ ఈ గట్టునే ఉండేది. అవతలి ఒడ్డుకి వచ్చినవాళ్ళు రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టి "ఓ... నావో..." అని కూత వెయ్యాలి. ఆ కూత ఈ గట్టున ఎవరి చెవిన పడితే వాళ్ళు చేస్తున్న పని ఆపి "వస్తన్నాదో..." అని బదులు పలికి, నావ నడిపే దాలయ్యకి చెప్పాలి. కూత వేసినవాడు పగవాడైనా పలకాల్సిందే. విని కూడా పలకని పిల్లలకి వీపు చీరేసేవారు. నావ వెళ్ళే వీలు లేనప్పుడు మాత్రం ఎంత తెలిసినవాళ్ళు పిలిచినా ఎవరూ పలకకూడదు. పలికితే ఆ మాట నమ్మి ఎండకో వానకో అక్కడే నిలబడిపోతారు. బదులు రాకపోతే నావ లేదని తెలుసుకుని ఇంటికి తిరిగిపోతారు. ఏటి మీద అబద్ధమాడకూడదని తాత మాటిమాటికీ అనేవాడు.

పారమ్మత్త తాతకి ఒక్కగానొక్క కూతురు. నానమ్మ పట్టుబట్టి, కళ్ళెదుట ఉంటుందని, సరిగ్గా మా రేవుకి ఎదురుగా ఉన్న ఊరికే ఇప్పించింది. పొద్దు వాలేవేళ మా గట్టు నీడలోకి జారి అవతలి గట్టు పచ్చటి ఎండలో మెరిసేటప్పుడు, అత్త పెరట్లో ఆరేసిన చీర ఏ రంగుదో మా ఇంటి నుంచి తెలిసేది. ఎర్ర చీర కట్టినాదే ఈయాల అని నానమ్మ తనలో తనే మురిసిపోయేది. అత్త అందరిలాగా నావని పిలిచేది కాదు. "ఓ యమా..." అని తల్లినే పిలిచేది. నానమ్మ చుట్ట పక్కన పడేసి పెరటి గోడ దగ్గరికి పరిగెత్తి "వస్తన్నాదే..." అని పలికేది. అత్త చదివింది ఐదో తరగతే అయినా దస్తూరీ ముత్యాల్లా ఉండేది. వచ్చినప్పుడల్లా నన్ను రేవులో కూర్చోబెట్టి, తడి ఇసక మీద నా వేలు పట్టుకుని గుండ్రంగా, తలకట్లు తెగకుండా దిద్దించేది. నా చేతికొచ్చిన రాత పూర్తిగా అత్తదే.

నేను ఐదో తరగతిలో ఉండగా కొలతగొలుసులూ ఎర్రజెండాలూ పట్టుకుని కొందరు మనుషులు వచ్చి రేవులో గుంజలు పాతారు. వంతెన కడతారన్నారు. మొదటి వారం ఊళ్ళో అందరూ ఆ గుంజల్ని చూడ్డానికి పోవడమే పని. అత్త ఆ వారమే వచ్చింది. వానాకాలం నాలుగు నెలలూ ఏరు పొంగి నావ తిరగక అమ్మ మొహం చూడలేకపోతున్నాననీ, వంతెనొస్తే ఎంత వరదైనా పొయ్యి మీది కూర దించి వచ్చి, అది చల్లారేలోపు తిరిగి వెళ్ళిపోవచ్చనీ నానమ్మతో చెబుతూ చిన్నపిల్లలా నవ్వింది. రెండో వారం ఊరికి తెలివి పుట్టుకొచ్చింది. గోదాముల వాళ్ళంతా మా అరుగు మీద చేరితే తాత అసలు సంగతి చెప్పాడు.

"ఏరు ఆపబట్టి సరుకు మన కాడ ఆగతన్నాది. వంతెనేసీస్తే లారీ మన ఊళ్ళో హారను కొట్టి ఎలిపోతాది. మనం దుమ్ము సూసుకుంటా కూకోవాల."

ఆ మాట అందరికీ నిజమేననిపించింది, ఇప్పుడు ఆలోచించినా అందులో అబద్ధం లేదనే అనిపిస్తుంది. వంతెన వద్దంటే సర్కారు వినదు కనక దాన్ని ఎగువకి నెట్టాలనుకున్నారు. తొమ్మిది మైళ్ళ పైన, కొండ మొదట్లో ఏరు సన్నగా ఉంటుంది, అక్కడైతే ఖర్చు తగ్గుతుంది, ఇక్కడైతే రేవులోని అమ్మవారి గద్దె కదపాలి, జనం ఒప్పుకోరు, అని అర్జీ పెట్టాలని నిశ్చయించారు. తొమ్మిది మైళ్ళు చుట్టు తిరిగి ఎవడు పోతాడు, వంతెన వాళ్ళదీ సరుకు మనదీ అని ఒకరినొకరు తట్టుకుని నవ్వుకున్నారు. కూర్చున్న కొమ్మ నరుక్కుంటున్నామని ఆ అరుగు మీద ఒక్కరికీ తట్టలేదు.

అర్జీ ఎవరు రాస్తారన్నప్పుడు తాత నన్ను పిలిచాడు. మా గుంట రాత చూస్తే కాదనే అధికారి పుట్టలేదన్నాడు. తెల్లటి ఠావు కాగితం మీద పెన్సిలుతో సన్నగా గీతలు గీసి ఇచ్చారు. తాత చెబుతుంటే, మాస్టారొకాయన దాన్ని మర్యాద మాటల్లోకి మారుస్తుంటే, మధ్యాహ్నం భోజనాల నుంచి దీపాలు పెట్టేదాకా నాలిక బయటపెట్టుకుని మరీ రాశాను. ఒక్క కొట్టివేత లేదు. కింద పెద్దవాళ్ళు సంతకాలు చేశారు, రాయడం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. తాత ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని, చదవడం సరిగా రాకపోయినా, చాలాసేపు చూసుకున్నాడు. ఆ బుధవారం నాకొక్కదానికే పొట్లం నిండా జీళ్ళు కొనిపెట్టాడు. నా అంత గొప్పది ఊళ్ళో లేదన్నట్టు నెల రోజులు తిరిగాను.

వరదలు తీసి నావ మళ్ళీ తిరిగే రోజుల్లో, గౌరీ పూర్ణిమకి అత్త పుట్టింటికి వచ్చింది. నూనె రాసి నాకు తల దువ్వుతుంటే నేనే ఆగలేక అర్జీ సంగతంతా చెప్పేశాను. దువ్వెన ఆగిపోయింది.

"వంతెనొద్దని నువ్వు రాసినావా?" అంది అత్త.

తాత రాయమన్నాడనీ, ఒక్క కొట్టివేత కూడా లేదనీ చెప్పాను.  అత్త రెండు జడలూ అల్లి, రిబ్బన్లు కట్టి, లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం తండ్రి దగ్గర కూర్చుని, వానల్లో అమ్మకి బాగోకపోతే నేనెలా రావాలి నాన్నా అని అడిగిందట. నావుంది, దాలయ్య ఉన్నాడు, ఇన్నాళ్ళూ ఎలా వచ్చావో అలాగే వస్తావని తాత కసిరాడట. ఆ తర్వాత అత్త నన్ను ఇసకలో కూర్చోబెట్టి దిద్దించలేదు. నేను పెద్దదాన్నయ్యాను కనక మానేసిందనుకున్నాను, పిల్లల బుద్ధి అంతవరకే పనిచేస్తుంది.

అర్జీ నెగ్గింది. ఊరంతా మేకపోతుని కోసుకుని భోజనాలు చేశారు. రెండేళ్ళు తిరిగేసరికి ఎగువన వంతెన లేచింది. ఆ వేసవి కావిళ్ళు సగమే వచ్చాయి, తరవాతి వేసవి అవీ లేవు. తొమ్మిది మైళ్ళని మేము మా గుమ్మంలోంచి లెక్కపెట్టుకున్నాం గానీ కొండ మీది మనిషి ఎటు నుంచి దిగుతాడో ఒక్కరం చూడలేదు. వాళ్ళకి వంతెన కొండ దిగితే ఎదురుగానే ఉంది. మా రేవుకి రావడానికే ఇన్నేళ్ళూ తొమ్మిది మైళ్ళు నడిచేవారు, వేరే దారి లేక. వంతెన కొసన రేకుల షెడ్లు లేచాయి, టీ హోటలు వచ్చింది, బుధవారం సంత అక్కడికే పోయింది. మా ఊరి వ్యాపారస్తుల్లో ఒకరు ఆమదాలవలస వెళ్ళారు, ఇంకొకరు కోటబొమ్మాళిలో కొట్టు పెట్టారు. వెళ్ళేవాళ్ళు గోదాముల పైకప్పులు కూడా విప్పి తీసుకుపోయారు. బల్లకట్టు ఒడ్డున పడి చెదలు పట్టింది, దాలయ్య ఒక్క నావతో మిగిలాడు. తాత ఖాళీ గోదాములో పీట వేసుకుని, చేతిలో చింతపండు లేకపోయినా, అలవాటు కొద్దీ అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన్ని అలా చూడలేక నేను ఆ వైపు వెళ్ళడం మానేశాను.

నా పధ్నాలుగో ఏట భాద్రపదంలో నానమ్మకి జ్వరం తగిలి పది రోజులైనా వదల్లేదు. ఎగువ వంతెన మీదుగా వెళ్ళే ఒకాయన చేత అత్తకి కబురు పెట్టాం. కబురందిన రోజే ముసురు పట్టింది. అత్త ఊరికీ ఆ వంతెనకీ మధ్య కొండల్లోంచి దిగే గెడ్డలు రెండున్నాయి, రెండూ పొంగాయి. అత్త మొదటి గెడ్డ దాకా నడిచి, పీకల్లోతు నీళ్ళు చూసి వెనక్కి తిరిగి, మా రేవుకి ఎదురుగా వచ్చి నిలబడింది. ఏరు ఎర్రగా రెండు గట్లూ ఒరుసుకుంటూ, వేళ్ళతో సహా చెట్లని దొర్లించుకుంటూ పోతోంది. వాన తెరిపిచ్చిన సాయంత్రం మేమంతా నానమ్మ మంచం చుట్టూ ఉండగా వినిపించింది.

"ఓ యమా..."

రోజంతా మూసుకునే ఉన్న నానమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. తాత తువ్వాలు కూడా వేసుకోకుండా దాలయ్య ఇంటికి పరిగెత్తాడు. దాలయ్య ఒడ్డుకి వచ్చి ఏటిని చాలాసేపు చూశాడు.

"నావ ఏసీగలను బాబూ," అన్నాడు. "ఆ గట్టుకి సేర్సీలేను."

కూత మళ్ళీ వచ్చింది. నానమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు.

"పలకవే గుంటా," అంది. "అది పిలస్తన్నాది."

నేను పెరటి గోడ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాను. అక్కడ తాత తడిసిన తలతో నిలబడి ఉన్నాడు. వద్దని చెయ్యి ఊపాడు. నావ వెళ్ళదు, పలికితే పారమ్మ ఆ ఒడ్డునే నిలబడిపోతుంది, ఏరింకా పెరుగుతోంది, గట్టు విరిగి పడుతుంది అన్నాడు.  చేతులు దించేశాను. గుమ్మం దాకా వచ్చేసరికి నానమ్మ మొహం పెరటి వైపు తిప్పుకుని, బదులు వినబడుతుందేమోనని చెవి అటే ఒగ్గి పడుకుని ఉంది. నేను గుమ్మం దాటి లోపలికి పోలేకపోయాను. చీకటి పడేదాకా కూత వస్తూనే ఉంది, ఒక్కోసారికీ కొంచెం కొంచెం బొంగురుపోతూ, తర్వాత ఆగిపోయింది.

తెల్లవారేసరికి నానమ్మ పోయింది. రేవు మునిగిపోయింది కనక మా గోదాము వెనక మెరక మీద దహనం చేశారు. అవతలి గట్టున ఎండలో అత్త కనిపించింది, చిన్న గీతలా, కదలకుండా. పొగ లేచాక కాసేపటికి ఆ గీత ఇసకలో కూలబడింది. ఆ పూట అటు నుంచి ఏ కూతా రాలేదు.

వరద తీశాక, దినవారాలన్నీ అయిపోయాక అత్త వచ్చింది. నావ కోసం అందరిలాగే "ఓ నావో" అని పిలిచింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత రెండేళ్ళే తాత బతికాడు. ఒకరోజు నేను పరీక్షకి రాసుకుంటుంటే పక్కన కూర్చుని కాగితం కేసి చూస్తూ, "నీ రాత బాగున్నాదే గుంటా, నా బుద్దే బాగోలేదు" అన్నాడు. నేను తలెత్తకుండా రాసుకుంటూనే ఉన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పోయినేడాది బస్సులు మారి, వంతెన చుట్టు తిరిగి అత్తని చూడ్డానికి వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి, చూపు మందగించింది, చింతచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని తడుముకుంటూ కాయలు వలుస్తోంది. నేనూ ఒక చేట తీసుకుని కూర్చున్నాను. చాలాసేపు పిల్లల కబుర్లూ జబ్బుల కబుర్లూ అయ్యాక, చేతుల పని ఆపకుండానే అడిగింది.

"ఆ దినం నా కూత అమ్మకి ఇనబడినాదేటి?"

యాభై ఏళ్ళుగా నేను భయపడిన ప్రశ్న అర్జీ గురించి. ఈ ప్రశ్న వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. నానమ్మ కళ్ళు తెరవడం, నా చెయ్యి పట్టుకోవడం, పలకమనడం, నేను గోడ దాకా వెళ్ళి చేతులు దించెయ్యడం, అంతా చెప్పాను. అత్త చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"బదులు రానేదని, నాను పిలిసేసరికే ఎలిపోనాదనుకున్నాను," అంది. "ఇనబడినాదన్నమాట." మళ్ళీ కాయ వలుస్తూ, "ఇన్నాళ్ళూ ఒక్కమాట సెప్పకపోనావేటే?" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు, ఏడాదికి రెండుసార్లు అత్తకి ఉత్తరాలు రాసిన చెయ్యి, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం మూగబోయాయి. నా తప్పు కప్పెట్టుకోవడానికి తల్లి విన్నదన్న కబురుని కూడా దాచేసుకున్నాను. అత్త నా చేట కూడా తన ఒళ్ళోకి లాక్కుని, నాకు సరిగా వలవడం రాదని సణుగుతూ మిగతా కాయలు తనే వలిచింది.

సంచి విప్పిన మర్నాడు నావలపేట వెళ్ళాను. రోడ్డు మీద బస్సు దిగి మైలు నడవాలి. ఊళ్ళో మిగిలిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గోదాముల గోడల్లో జిల్లేళ్ళు మొలిచాయి. ఏ వీధిలోనూ చింతపండు వాసన లేదు, పసుపు ఆవిరి లేదు, జీళ్ళ పాకం లేదు, పిక్కలాడే పిల్లలు లేరు. బల్లకట్టు కట్టే ఇనప కొక్కెం ఒక్కటే రాతిలో తుప్పు పట్టి ఉంది. ఏరు బక్కచిక్కి ఒక పక్కకి ఒదిగిపోయింది, ఇసక ట్రాక్టర్లు నడిమధ్య దాకా దిగి తవ్వుతున్నాయి. పొద్దు వాలి అవతలి గట్టు మీద ఎండ పచ్చగా పడింది. అత్త పెరడు కనిపించింది, చింతచెట్టు కనిపించింది, తీగ మీద చీర లేదు.

రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకుని "వస్తన్నాదే..." అని పలికాను. గొంతు సగం ఏరు కూడా దాటలేదు. ట్రాక్టరుకి ఇసక ఎత్తుతున్న మనిషి పార ఆపి నా దగ్గరికి వచ్చాడు.

"ఏటొస్తన్నాదమ్మా?" అన్నాడు.

నావ అని చెప్పాను. అతను ఏటి వైపు చూసి, మళ్ళీ నా మొహంలోకి చూశాడు.

"ఇక్కడ నావుండేదేటి?" అన్నాడు, నిజంగానే తెలీక. ఉండేదన్నాను. అతను తల ఊపి పని మీదికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఎండ ఆ చింతచెట్టు కొసల నుంచి కూడా తప్పుకునేదాకా ఈ ఒడ్డునే నిలబడిపోయాను.